అతుకు దగ్గర ఆగిన పాట

సౌండ్ లైబ్రరీ, నేలమాళిగ
ఫిబ్రవరి 9

బెత్తం అక్కకు తమ్ముడు రాసేది,

ఫోన్లో అయితే అరుస్తాను, ఉత్తరంలో అరిచినా నీకు వినపడదు, ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం అన్నావు. నీ దయ. ఈ నేలమాళిగలో ఫోన్ సిగ్నల్ ఎలాగూ అందదు కాబట్టి నాకూ అదే మేలు.

నా పని నీకు తెలియంది కాదు. పాత సినిమా పాటల టేపులు పాడైపోతున్నాయి. ఒక్కొక్కదాన్నీ పొయ్యిలాంటి పెట్టెలో సన్నగా వేడిచేసి, జాగ్రత్తగా తిప్పి, కొత్తగా ఎక్కించుకోవాలి. వేడిచేసిన టేపు మూడు వారాలు నిలుస్తుంది, ఆ తర్వాత దాని ఖర్మ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాను. నువ్వు పెట్టిన చెవులపిల్లి అనే పేరు ఇక్కడివాళ్ళకు ఎలా తెలిసిందో గానీ అందరూ అలాగే పిలుస్తున్నారు.

సంగతేమిటంటే, ఈ వారం మీ గురువుగారు సినిమాకి పాడిన కిటికీ పాట వచ్చింది. అసలు టేపు. పెట్టె మీద ముప్పై ఎనిమిదేళ్ళ దుమ్ము. ఆ పాటంటే నాకెంత పిచ్చో నీకు తెలుసు. మా ఫిలిం క్లబ్బులో ఆ సీను నాలుగుసార్లు వేసి చూపించాను. రెండో చరణంలో గొంతు పైకెక్కబోతూ ఒక్క క్షణం ఆగుతుంది చూడు, సరిగ్గా అక్కడే కెమెరా ఆ అమ్మాయి ముఖాన్ని వదిలేసి కిటికీ తెర మీదికి పోతుంది. ఆ ఒక్క షాటు మీద నలభై నిమిషాలు మాట్లాడాను. దుఃఖం ముఖంలో పట్టనప్పుడు గదిలోకి పాకుతుందని ఏదేదో చెప్పాను. జనం చప్పట్లు కూడా కొట్టారు.

నువ్వూ తక్కువ తినలేదు. గురువుగారి మీద రాసిన పుస్తకం ప్రూఫులు పంపావుగా, అయిదో అధ్యాయమంతా ఆ ఆగడం మీదే ఉంది.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. ఆ పాట నేర్పేటప్పుడు అక్కడ ఆగమని గురువుగారు తన నోటితో చెప్పారా?

అమ్మ గొంతులో గడ్డ గురించి డాక్టరు ఏమన్నాడు?

నీ తమ్ముడు


మేడమీది సంగీతం బడి
ఫిబ్రవరి 16

ఒరేయ్ చెవులపిల్లీ,

కోప్పడకు అని ముందే అంటే నాకు ముందే కోపం వస్తుంది. అయినా చెబుతున్నాను.

నోటితో చెప్పలేదు. అంత గొప్పవాళ్ళు నోటితో చెప్పరు. నేనే రికార్డు విని పట్టుకున్నాను. పదమూడేళ్ళప్పుడు ఆవిడ ఎదురుగా పాడి, అక్కడికి రాగానే ఆగాను. "అక్కడెందుకు ఆగావు?" అన్నారు. "మీరు ఆగారు కదండీ" అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి వీధిలోకి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి, మంచినీళ్ళు తాగి, వేరే పాట మొదలుపెట్టారు. ఇంత పిల్ల తన ప్రాణం పట్టేసుకుందని కదిలిపోయారురా ఆవిడ. ఎంతమంది అడిగినా ఆ పాటని ఒక్కసారి కూడా స్టేజీ మీద పాడలేదు. పూర్తయినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదని ఆవిడ నమ్మకం. అది కూడా పుస్తకంలో రాశాను, నువ్వు సరిగ్గా చదివినట్టు లేదు.

ఇరవై అయిదేళ్ళుగా నా దగ్గరికొచ్చిన ప్రతి పిల్లకీ ఆ ఆగడం నేర్పాను. ఆగనివాళ్ళకి బెత్తం చూపిస్తాను. కొట్టను, చూపిస్తానంతే.

అమ్మకి ఆపరేషను ఏప్రిల్ 20న. గడ్డ పక్కనే గొంతు నరం ఉందట. దానికి ఏమైనా అయితే మాట బొంగురుపోవచ్చు, అసలు పోనూవచ్చు అన్నాడు డాక్టరు. అమ్మ మాత్రం తాపీగా, "పోతే పోనీ బాబూ, నాకు గొంతుతో పనేముంది" అంది. అదీ నిజమే. ఇరవై ఏళ్ళు గురువుగారి పక్కన కూర్చుని పాట కాగితాలు తిప్పింది. ముత్యాల్లాంటి అక్షరాలతో స్వరాలన్నీ రాసిపెట్టింది. కానీ పాట మాత్రం అమ్మకి అంటలేదు. నాకు పదిహేడేళ్ళప్పుడు ఒకరోజు నేను సాధన చేస్తుంటే బట్టలారేస్తూ కూనిరాగం తీస్తోంది. "అమ్మా, నువ్వు పాడకు, నా శ్రుతి పోతోంది" అన్నాను. అంతే, ఆ రోజు నుంచి మళ్ళీ నోరు విప్పలేదు మహాతల్లి. నా క్లాసు జరుగుతుంటే వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించుతుంది.

ఇంతకీ ఎందుకడిగావు? నువ్వు ఊరికే అడిగే రకం కాదు.

అక్క


సౌండ్ లైబ్రరీ
ఫిబ్రవరి 24

అక్కా,

కూర్చుని చదువు. పిల్లలందరూ వెళ్ళిపోయాక చదువు.

పోయిన ఉత్తరంలో నీకు సగమే చెప్పాను. టేపు తిప్పుతుంటే సరిగ్గా ఆ ఆగే చోట అది నా చేతుల్లో రెండు ముక్కలైంది. తెగలేదు. అక్కడ అతుకు ఉంది. బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు ముక్కల్నీ దగ్గరపెట్టి, వెనక అంటుకాగితం వేశారు. ఇన్నేళ్ళకి జిగురు ఎండి ఊడింది. కోసినాయన చెయ్యి కాస్త అటూ ఇటూ అయి మధ్యలో రవ్వంత ఖాళీ మిగిలింది. మనం ప్రాణం అనుకున్నది ఆ ఖాళీ. కెమెరా కిటికీ తెర మీదికి ఎందుకు పోయిందో కూడా ఇప్పుడు తెలిసింది. అక్కడ పెదాలకీ పాటకీ కుదరలేదు, ముఖం చూపిస్తే దొరికిపోతారు. నేను నలభై నిమిషాలు మాట్లాడింది దాని గురించి.

ఇంతవరకే అయితే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పెట్టె అడుగున ఒక చీటీ ఉంది. రికార్డు చేసినాయన రాసింది, ఆయన ఇప్పుడు లేడు. "మొదటి ముక్క ఏడో టేకు. అతుకు నుంచి చివరిదాకా కాగితాలమ్మ. బయట చెప్పకూడదు."

స్టూడియోలో కాగితాలమ్మ అని ఎవర్ని పిలిచేవాళ్ళో నీకూ తెలుసు.

నేను నమ్మలేదు. రెండో ముక్క చివరిదాకా తిప్పాను. సినిమాలో పాట అవగానే కోసేశారు గానీ టేపులో ఇంకో అయిదు సెకన్లు ఉంది. "చాలమ్మా, చాలు" అని గురువుగారి గొంతు వినిపించింది. అప్పుడు పాడినావిడ నవ్వింది. మధ్యలో ఎక్కిలి వచ్చినట్టు ఆగి, మళ్ళీ నవ్వింది. అలా నవ్వే మనిషి మనకి ఒక్కరే తెలుసు.

ముందు మిషను ఆపేశాను. తర్వాత ఎక్కించుకున్న కాపీని పదకొండుసార్లు విన్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, నేను ఎలుక కోసం తవ్వితే కొండే మీద పడింది. నాకు నలభై ఏళ్ళు. అమ్మ పాడగా ఒక్కసారి కూడా వినలేదనుకునేవాణ్ణి. వినడమేమిటి, క్లబ్బులో నాలుగుసార్లు వేసి ఊరందరికీ వినిపించాను.

తమ్ముడు


సంగీతం బడి
మార్చి 2

తమ్ముడికి,

ఆ టేపు మళ్ళీ అతికించెయ్. చీటీ చించెయ్.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత ఒళ్ళు మండింది. గురువుగారు పోయి రెండేళ్ళు కాలేదు. వచ్చే నెల పుస్తకం అచ్చుకి వెళుతోంది. ఇప్పుడు ఆవిడ పాటలో ఇంకొకరి గొంతు పెడతావా? ఎవడో చీటీ రాశాడట, ఎవరో నవ్వారట. ఎక్కిలి పెట్టి నవ్వేవాళ్ళు లోకంలో ఒక్కరేనా?

నా చెవి సంగతి నీకు తెలుసు. పదిమంది పిల్లలు కలిసి పాడుతుంటే ఏ మూల ఎవరి స్వరం జారిందో కళ్ళు మూసుకుని చెబుతాను. కన్నతల్లి గొంతు నేను గుర్తుపట్టనా?

అమ్మని అడగను. ఆపరేషను ముందు ఆవిడ మనసు కలతపెట్టను. దీనికి జవాబు రాయకు.


సౌండ్ లైబ్రరీ
మార్చి 8

అక్కా,

రాయకు అన్నావు కాబట్టే రాస్తున్నాను.

చిన్నప్పుడు అమ్మ చెప్పిన కథ గుర్తుందా? తనంత పాటగాడు లేడని విర్రవీగే దేవముని ఒకడు ఒక తోటలోకి వెళతాడు. అక్కడ కాళ్ళూ చేతులూ విరిగిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ మూలుగుతూ పడి ఉంటారు. ఎవరు మీరు, ఎవరు కొట్టారు మిమ్మల్ని అని జాలిగా అడుగుతాడు. మేము రాగాలం, నువ్వు పాడి పాడి మమ్మల్నిలా చేశావు అంటారు. నేను అక్కడ పకపకా నవ్వేవాణ్ణి. నువ్వు మాత్రం ఏడుపు ముఖం పెట్టి, "మరి వాళ్ళకి నయమైందా?" అని అడిగేదానివి. "సరిగ్గా పాడితే నయమవుతుంది" అనేది అమ్మ. ఈ వారమంతా ఆ కథే నా బుర్రలో తిరుగుతోంది. నిన్ను దెప్పడానికి చెప్పడం లేదు, ఆ తోటలో నేనూ నీ పక్కనే ఉన్నాను.

ఎందుకు తవ్వావు, అతికించి ఊరుకోవచ్చుగా అంటావు. పెట్టె మూసి ఉంటే తెరవకుండా ఉండలేని జబ్బు మనిద్దరిదీ. రేడియో విప్పి లోపల మనుషులున్నారేమో అని వెతికింది నువ్వే. ఆ దెబ్బలు మాత్రం నేను తిన్నాను.

దీనితో రెండు పంపుతున్నాను. ఒకటి రెండో ముక్క కాపీ, వాయిద్యాలు వీలైనంత తగ్గించాను. విను. ఇంకోటి చిన్న రికార్డరు. ఎర్ర మీట నొక్కితే చాలు. ఏప్రిల్ 20 తర్వాత అమ్మ గొంతు ఉంటుందో ఉండదో. పుస్తకం ఏమైనా కానీ, గురువుగారి పేరు ఎలాగైనా ఉండనీ. ఒక్కసారి అమ్మ చేత పాడించి పట్టుకో. ఈ పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి గొంతులూ దాచాను, మన అమ్మది మాత్రం సగం పాటే ఉంది నా దగ్గర.

తమ్ముడు


సంగీతం బడి
మార్చి 27

ఒరేయ్,

నువ్వు పంపిన ముక్కని పదిరోజులు బీరువాలో పెట్టి తాళం వేశాను. తేలు కుట్టిన దొంగలా ఇంట్లోనే తిరిగాను. పదకొండో రోజు పిల్లలకి సెలవిచ్చి విన్నాను. పాట మొదలయ్యాక నాలుగో మాటకే తెలిసిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఎవడన్నాడో గానీ నాలాంటిదాన్ని చూసే అని ఉంటాడు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాను, అది కూడా పాఠాలు చెప్పుకుంటూ.

అమ్మ కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబుకి బొత్తాం కుడుతోంది. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. నువ్వు పంపిన కాపీ పెట్టాను. అమ్మ సూది ఆపింది. చివర నవ్వు వచ్చేదాకా విని, "అయ్యో, దీన్ని కొయ్యలేదా వాళ్ళు?" అంది. అంతేరా. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత అమ్మ అన్న మొదటి మాట అది.

తర్వాత మెల్లగా చెప్పింది. ఆ రోజు గురువుగారికి గొంతు పూడిపోయింది. ఏడుసార్లు పాడినా పై స్వరం అందలేదు. వాయిద్యాలవాళ్ళంతా ఎదురు చూస్తున్నారు, మర్నాడు షూటింగు. ఆవిడ ఆ గాజుగదిలో తల పట్టుకుని ఏడ్చారట. "నేను రాసిన కాగితమేగా, ఎక్కడేముందో నాకు తెలుసు. మీరు కాస్త మంచినీళ్ళు తాగండి, నేను పాడతాను అన్నాను" అంది అమ్మ, పక్కింట్లోంచి చక్కెర తెచ్చినంత మామూలుగా.

"ఊరికే పాడావా అమ్మా?" అన్నాను.

బొత్తాం కుట్టడం పూర్తిచేసి, దారం కొరికి, అప్పుడు చెప్పింది. "ఊరికే ఎందుకు పాడతాను? నీకు పాట చెప్పమన్నాను. అంతకు ముందు రెండుసార్లు అడిగితే, కాగితాలు తిప్పేవాళ్ళ పిల్లలకి చెప్పనన్నారు ఆవిడ. ఈసారి సరేనన్నారు. అయితే నా గొంతు ఎవరి చెవినా పడకూడదన్నారు. అదీ న్యాయమేగా. గుర్తుపడితే ఆవిడ పరువేం కావాలి?"

ఇరవై అయిదేళ్ళుగా నేను తింటున్న తిండి, గోడ మీద నా బిరుదులు, నా బెత్తం, అన్నీ ఆ సగం పాట పెట్టి అమ్మ తెచ్చినవి. పదిహేడేళ్ళప్పుడు నేనన్న మాట గుర్తుచేసి, "మరి నేను పాడకు అన్నప్పుడైనా చెప్పలేదేం?" అని అడిగాను. ఎప్పటిలాగే ఎక్కిలి పెట్టి నవ్వింది. "అప్పటికి అప్పుడప్పుడూ నోరు జారి కూనిరాగం వచ్చేస్తుండేది, మాట తప్పుతున్నానేమోనని భయంగా ఉండేది. నువ్వు వద్దన్నాక అలవాటు తప్పిపోయింది. నువ్వే సాయం చేశావు" అంది.

సాయం అందిరా. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు పాడమని ఏ ముఖంతో అడగను? ఇంకా మూడు వారాలకు పైగా ఉంది. ధైర్యం కూడగట్టుకోనీ.

అక్క


సౌండ్ లైబ్రరీ
ఏప్రిల్ 15

అక్కా,

తొమ్మిదో తారీఖున ఆసుపత్రివాళ్ళు ఖాళీ దొరికిందని హఠాత్తుగా రమ్మన్నారని, నువ్వు ఇక్కడికి తొమ్మిదిసార్లు ఫోన్ చేశావని పై ఆఫీసు అమ్మాయి చెప్పింది. నా తల పక్కనే గోడకున్న ఆఫీసు ఫోను మోగింది. నా చెవుల్లో హెడ్‌ఫోన్లున్నాయి. ఎవరిదో పాత పాట శ్రద్ధగా వింటున్నాను. మన అమ్మని ఆపరేషనుకి తీసుకెళుతుంటే నేను వింటున్నది అది. ఈ చెవుల్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

గడ్డ ప్రమాదమైంది కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. రెండు రోజుల ప్రయాణం, ఆ రాత్రే బయలుదేరేవాణ్ణి. "వేడిచేసిన టేపుల్ని పాడుచేసి రావద్దు, అవి అయ్యాకే రమ్మను" అని అమ్మ కాగితం మీద రాసి, నీచేత ఆ అమ్మాయికి ఫోన్లో చదివించిందట. కాగితం మీద రాసింది అంటే ఏమిటక్కా? నాకు అర్థమైంది, అయినా అడుగుతున్నాను.

నీ ఉత్తరం వచ్చాక, ఆ బేరం సంగతి చదివాక, ఆ టేపు పెట్టె మళ్ళీ తీసి చీటీ చూశాను. అన్నేళ్ళూ అమ్మ మన ముందే తిరిగింది. కంచాలు తీసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. ఒక్కసారి కూడా బయటపడలేదు. దాచడంలో అమ్మ ముందు ఈ లైబ్రరీ ఎంత?

ఒక్కటే అడుగుతాను. లోపలికి తీసుకెళ్ళేముందు పాడిందా? మీట నొక్కావా?

తమ్ముడు


సంగీతం బడి
మే 1

ఒరేయ్ నాన్నా,

పాడింది.

ఆ పొద్దున వార్డులో మూడు మంచాలు. పక్క మంచం ఆవిడ రేడియోలో వార్తలు వింటోంది. ఇంకో పావుగంటలో తీసుకెళతామని నర్సు చెప్పి వెళ్ళింది. ధైర్యం ఇంకా రాలేదు గానీ టైమైపోయింది. "అమ్మా, కిటికీ పాట ఒక్కసారి పాడవా" అన్నాను.

"మాటిచ్చానే. ఆవిడ పోయినంత మాత్రాన మాట పోతుందా?"

"ఎవరి చెవినా పడకూడదనేగా. నేను ఎవరో కాదుగా."

పక్క మంచం ఆవిడ తనంతట తనే రేడియో కట్టేసింది. అమ్మ మొదలుపెట్టింది. డెబ్భై దాటిన మనిషి, గొంతులో నిమ్మకాయంత గడ్డ, అయినా శ్రుతి వెంట్రుకవాసి కదల్లేదు. రెండో చరణానికి వచ్చింది, పైకెక్కబోయింది, అక్కడ ఆగింది.

"అమ్మా, అక్కడెందుకు ఆగావు?" అన్నాను. అని, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"ఆగాలిగా. ఇరవై అయిదేళ్ళుగా అందరికీ ఆగమనే చెబుతున్నావు, వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. అప్పుడు తొందరలో ఆగకుండా నేనే తప్పు పాడాననుకున్నాను" అంది.

పదమూడేళ్ళ పిల్ల మాట విని గురువుగారు లేచి వీధిలోకి ఎందుకు చూశారో ఆ క్షణాన తెలిసింది నాకు. ఆ వార్డులో లేచి వెళ్ళడానికి కిటికీ కూడా లేదు. అమ్మ పాదాలు పట్టుకుని, "తప్పు నీది కాదమ్మా, నాది. ఈసారి ఆగకు" అన్నాను.

ఆగకుండా పాడింది. ఒక్క ఊపిరిలో ఆ పంక్తి కింది నుంచి పైదాకా వెళ్ళింది. నర్సు చక్రాల కుర్చీతో వచ్చి, పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

నువ్వు పంపిన రికార్డరు నా ఒళ్ళోనే ఉంది. వేలు ఎర్ర మీట మీదే ఉంది. నొక్కలేదురా. మర్చిపోలేదు, వేలు కదల్లేదు. నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టు, ఈసారి ఫోన్లోనే తిట్టు, వింటాను.

గొంతు పోయింది. గాలి లాంటి గుసగుస వస్తుంది. కొన్ని నెలలకి మాట కాస్త తేరుకోవచ్చు, పాట మాత్రం రాదన్నాడు డాక్టరు. పిల్లల పలక ఒకటి ఇచ్చాను. అదే ముత్యాల అక్షరాలతో దాని మీద రాస్తోంది.

అయిదో అధ్యాయం ఆపించాను. అమ్మ మాట తప్పించే హక్కు నాకు లేదు, అబద్ధం అచ్చేసే హక్కూ లేదు. ఆ పన్నెండు పేజీలూ తీసేసి రెండే వాక్యాలు ఇచ్చాను: "ఈ పాట ఎక్కడా ఆగదు. ఆగమని నేర్పింది నేను." ప్రెస్సాయన ఇదేం అధ్యాయం అన్నాడు. అచ్చెయ్యవయ్యా అన్నాను.

ఇక అసలు సంగతి. ఆ పాట ఆగకుండా ఎలా ఉంటుందో విన్న చెవులు ఇప్పుడు నావీ, ఆ నర్సువీ, పక్క మంచం ఆవిడవీ. అందుకని ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే అమ్మ మంచం దగ్గర కూర్చుని పాడాను. ఆ చోటు రాగానే నా గొంతు ఆగిపోయింది. అమ్మ పలక మీద "ఆగావు" అని రాసింది. మళ్ళీ పాడాను. మళ్ళీ ఆగాను. ఇరవై అయిదేళ్ళ అలవాటు, ఆగకూడదనుకుంటే ఇంకా గట్టిగా ఆగుతోంది. రోజూ పొద్దున పిల్లలు రాకముందు కూర్చుంటున్నాం. రోజూ అదే మాట రాస్తోంది. మధ్యలో ఒకరోజు నేను విసుక్కుంటే "శ్రుతి కూడా పోతోంది" అని రాసి, చప్పుడు లేకుండా నవ్వింది. నా బెత్తం తీసుకుని తన దిండు కింద పెట్టుకుంది.

ఈ పొద్దున ఆగలేదు. ఎలా దాటానో నాకే తెలియదు, దాటాక తెలిసింది. పాట చివరిదాకా పాడి అమ్మ వైపు చూశాను. ఆవిడ కొంగుతో పలక శుభ్రంగా తుడిచి, రెండు మాటలు రాసి నాకు చూపించింది.

"తమ్ముణ్ణి రమ్మను."

అక్క